ముఖచిత్రం ఎక్కని కథలు: పాత అమెరికన్ కామిక్స్‌లో మరుగున పడ్డ వింతలను వెతికి పట్టుకోవడం ఎలా?

యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అనగానే అందరికీ సూపర్‌మ్యానే గుర్తొస్తాడు. ఆకుపచ్చ కారును రెండు చేతులా పైకెత్తిన ఆ ముఖచిత్రాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1938 జూన్ నాటి ఆ సంచికలో సూపర్‌మ్యాన్‌కు దక్కింది మాత్రం 13 పేజీలే. మిగిలిన యాభై పేజీలూ ఎవరివి? జటారా అనే మాంత్రికుడివి, చక్ డాసన్ అనే కౌబాయ్‌వి, పెప్ మోర్గన్ అనే బాక్సర్‌వి, స్కూప్ స్కాన్లన్ అనే విలేకరివి. మధ్యలో మార్కో పోలో కూడా ఉన్నాడు.

ఈ మార్గదర్శి ఆ యాభై పేజీల గురించి. ఆ రోజుల్లో పది సెంట్లకు 64 పేజీల పుస్తకం ఇవ్వాలి. ముఖచిత్రం మీది హీరో పుస్తకాన్ని అమ్మిపెడతాడు, మిగతా పేజీలను ఎవరో ఒకరు ఏదో ఒకదానితో నింపాలి. గడువు దగ్గరపడుతుంటే ఎవరికి ఏది తోస్తే అది గీసేవారు. వెనక పేజీల మీద పెద్దల కన్ను అంతగా పడేది కాదు. వింతలు పుట్టింది అక్కడే. అందుకే నా పద్ధతి మొత్తానికి సూత్రం ఒక్కటే: హీరోను దాటేసి వెళ్లండి.

1. ఏ కాలాన్ని తవ్వాలో ముందే తేల్చుకోండి

పాత కామిక్స్ అంటే సముద్రం. ఎక్కడపడితే అక్కడ దిగితే నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. నా లెక్కలో మంచి పంట ఇచ్చే కాలాలు మూడు.

మొదటిది 1939 నుంచి 1941 వరకు. సూపర్‌మ్యాన్ అమ్మకాలు చూసి ఎందరో ప్రచురణకర్తలు ఈ రంగంలోకి దూకారు. సూపర్‌హీరో అంటే ఎలా ఉండాలో అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. కథలకు కట్టుబాట్లు లేవు, వింతల పాలు మాత్రం ఎక్కువ. 1940 మేలో వచ్చిన క్రాక్ కామిక్స్ మొదటి సంచికలో మేడమ్ ఫేటల్ ఉంది. రిచర్డ్ స్టాంటన్ అనే నటుడు ముసలమ్మ వేషం కట్టి, ఎర్రటి పైవస్త్రం కప్పుకుని, చేతికర్రతో దొంగల వీపు విమానం మోత మోగిస్తాడు. అలాంటి పాత్రను అంత మామూలుగా ముందుకు తోసేశారంటే అప్పటి పరిస్థితి అర్థమవుతుంది.

రెండోది 1947 నుంచి 1954 వరకు. యుద్ధం ముగిశాక చాలామంది సూపర్‌హీరోలకు గిరాకీ పడిపోయింది. నేరాలు, ప్రేమలు, దయ్యాలు, అంతరిక్షం రంగంలోకి దిగాయి. పుస్తకం 32 పేజీలకు వచ్చేసరికి కథ ఐదు నుంచి ఎనిమిది పేజీల్లో ముగిసి, చివర్లో ఒక దెబ్బ కొట్టేది. కెప్టెన్ అమెరికాను సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ 1952లో పాఠకుల కలలను బొమ్మల కథలుగా మార్చే పత్రికే ఒకటి తెచ్చారు. పేరు ది స్ట్రేంజ్ వరల్డ్ ఆఫ్ యువర్ డ్రీమ్స్. నాలుగు సంచికలతో ఆగిపోయింది. నాలుగే కదా, ఒక సాయంత్రం చాలు. మొదటిసారి తవ్వేవారికి నేను దీన్నే చెబుతాను.

మూడోది 1955 నుంచి 1962 వరకు. 1954లో కామిక్స్ మీద అమెరికా సెనేట్ ఉపసంఘం జరిపిన విచారణల తరవాత ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అనే కట్టడి పెట్టుకున్నారు. రక్తం, పిశాచాలు, కుళ్లిన శవాలు పోయాయి. భయపెట్టే దారి మూసుకుపోయాక చిన్న సంస్థల రచయితలు విచిత్రమైన పక్కదారులు తొక్కారు. 1958 డిసెంబరు నాటి ఫర్‌బిడెన్ వరల్డ్స్ 73వ సంచికలో హెర్బీ అనే లావుపాటి కుర్రాడు కనిపిస్తాడు. కళ్లు సగం మూసుకుని, లాలీపాప్ చప్పరిస్తూ, ముఖంలో ఏ భావమూ లేకుండా ప్రపంచాన్ని కాపాడేస్తాడు. తండ్రి మాత్రం వాణ్ని ఎందుకూ పనికిరాని మొద్దుగా చూస్తుంటాడు. వాడికి సొంత పత్రిక దక్కడానికి 1964 దాకా పట్టింది.

ఒక కాలాన్ని ఎంచుకోండి. అందులో ఒక ప్రచురణ సంస్థను, ఒక పత్రికను పట్టుకోండి. పదీ పన్నెండు సంచికలు వరసగా చదవండి. అప్పుడు గానీ ఆ పత్రికకు ఏది మామూలో తెలియదు. మామూలు తెలియనిదే వింతను గుర్తుపట్టలేం.

2. చదవడానికి పుస్తకాలు సంపాదించండి

డబ్బు పెట్టాల్సిన పని లేదు. అమెరికా పాత చట్టం ప్రకారం కాపీరైట్ మొదట 28 ఏళ్లు. ఆ తరవాత పొడిగించుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. 1964కు ముందు అచ్చయినవాటిలో అలా పొడిగించుకోని పుస్తకాలు పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల స్థితిలోకి, వచ్చేశాయి. మూతపడిన సంస్థలకు దరఖాస్తు పెట్టేవాడెవడు? అందుకే ఎవరికీ పట్టని కథలే ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. డిజిటల్ కామిక్ మ్యూజియం, కామిక్ బుక్ ప్లస్ అనే రెండు సైట్లలో వేలాది సంచికల స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా లాంటివాటిని వాటి యజమానులు భద్రంగా చూసుకున్నారు కాబట్టి వాటిని అధికారిక సంకలనాల్లోనే చదవాలి.

ఫైళ్లు ఎక్కువగా సీబీజెడ్, సీబీఆర్ రూపంలో ఉంటాయి. కంగారు పడకండి, అవి పేరు మార్చిన జిప్, రార్ ఫైళ్లే. కామిక్ రీడర్ యాప్ ఏదైనా తెరుస్తుంది.

దించుకునే ముందు వివరణ చదవండి. కవర్ టు కవర్ అని ఉంటే ప్రకటనలతో సహా మొత్తం పుస్తకం ఉన్నట్టు. మైక్రోఫిష్ (పేజీలను బాగా కుదించి భద్రపరిచే ఫిల్ము) నుంచి తీసిన స్కాన్ అయితే నాణ్యత తక్కువ, తరచు రంగులూ ఉండవు. అవీ పనికొస్తాయి గానీ రంగుల గురించి, గీతల పదును గురించి వాటిని చూసి తీర్పు చెప్పకూడదు.

3. సంచికను వెనక నుంచి తెరవండి

మొదటి కథ వదిలేయండి. ముఖచిత్రానికి సంబంధించిన కథ సాధారణంగా అదే. సంస్థ తన మంచి బొమ్మలవాడిని అక్కడే పెట్టేది. చివరి కథకు వెళ్లి, అక్కడి నుంచి ముందుకు రండి.

ఒక్కో కథకు ముందు ఒక్క నిమిషం కేటాయించండి. మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో ఏదో ఒక పేజీ. ఈ మూడూ ఒకదానికొకటి అతకడం లేదనిపిస్తే ఆగి మొత్తం చదవండి. మొదటి పేజీలో బ్యాంకు దోపిడీ, చివరి పేజీలో అంతరిక్షంలో తేలుతున్న తల. ఇలాంటిది కనిపిస్తే ఇక వదలకండి.

ఈ తల నేను కల్పించింది కాదు. ఫ్లెచర్ హ్యాంక్స్ గీసిన స్టార్‌డస్ట్ అనే సూపర్‌హీరో కథల్లో ఒకదానిలో హీరో విలన్ శరీరాన్నంతా తలలోకి కుదించేసి, అంతరిక్షంలో ఉండే తలలేని రాక్షసుడి మీదికి విసురుతాడు. రాక్షసుడు దాన్ని తన మెడ మీద పెట్టుకుంటాడు. నేరానికీ శిక్షకూ పొంతన ఉండదు, కలలో జరిగినట్టు జరిగిపోతుంది. 1939 నుంచి 1941 వరకు మాత్రమే పనిచేసిన ఈయన తన కథలను తానే రాసి, తానే గీసి, అక్షరాలు కూడా తానే వేసుకున్నాడు. ఈయనదే ఫాంటోమా అనే అడవి దేవత 1940 ఫిబ్రవరిలో, వండర్ ఉమన్ కన్నా ముందే, జంగిల్ కామిక్స్ రెండో సంచికలో వచ్చింది. శక్తి చూపే క్షణంలో ఆ అందమైన ముఖం పుర్రెగా మారిపోతుంది. దశాబ్దాల పాటు కొందరు సేకరణకర్తలకు తప్ప హ్యాంక్స్ పేరు తెలియదు.

కథలతో పాటు ఇంకో మూడు చోట్ల చూడండి.

అక్షరాల కథలు. చాలా పాత కామిక్స్‌లో బొమ్మలు లేని, లేదా ఒకటి రెండు బొమ్మలున్న రెండు పేజీల వచన కథ ఒకటి ఉంటుంది. చవక పోస్టల్ రేటు కావాలంటే పత్రికలో కొంత వచనం ఉండాలన్న నిబంధన వల్ల వచ్చిన తంటా అది. పిల్లలు తిప్పేసేవారు, పెద్దలూ తిప్పేస్తారు. మీరు తిప్పకండి. 1941 మేలో కెప్టెన్ అమెరికా కామిక్స్ మూడో సంచికలో అలాంటి రెండు పేజీలు రాసిన కుర్రాడు స్టాన్ లీ. అచ్చయిన ఆయన మొదటి రచన అదే. కెప్టెన్ అమెరికా డాలు విసరడం మొదటిసారి అందులోనే జరుగుతుంది.

ప్రముఖుల పక్కవాళ్లు. 1962 ఆగస్టు నాటి అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికను స్పైడర్‌మ్యాన్ కోసం ఇప్పటికీ జనం ఎగబడి వెతుకుతారు. ఆయనవి 11 పేజీలు. అదే సంచికలో ఒక గంట కొట్టే ముసలాయన కథ, మమ్మీ పెట్టెలో దాక్కున్న నేరస్థుడి కథ, మన మధ్యే తిరుగుతున్న అంగారక గ్రహవాసుల కథ ఉన్నాయి. మూడూ రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో జంటవే. అగ్నిపర్వతం పేలుతున్నా గంట వదలని ఆ ముసలాయన కథ చిన్నదే గానీ, ఆ సంచిక గురించి మాట్లాడేవారిలో దాన్ని ప్రస్తావించేవారు అరుదు.

పేజీ అడుగున సన్న అక్షరాలు. సంస్థ చిరునామా, సంచిక సంఖ్య, పాత పేరు అక్కడ ఉంటాయి. పేరు మార్చినా సంఖ్య కొనసాగించడం అప్పట్లో మామూలే. కొత్త పత్రికకు పోస్టల్ అనుమతి రుసుము మళ్లీ కట్టకుండా తప్పించుకునే ఎత్తు అది. దీనికి నాకు భలే ఇష్టమైన ఉదాహరణ ఈసీ సంస్థది. 1947లో మూన్ గర్ల్ అండ్ ది ప్రిన్స్‌గా మొదలైన సూపర్‌హీరోయిన్ పత్రిక కాస్తా మూన్ గర్ల్ అయింది, ఆపై మూన్ గర్ల్ ఫైట్స్ క్రైమ్ అయి, ఎ మూన్, ఎ గర్ల్... రొమాన్స్ అనే ప్రేమ పత్రికగా మారింది. చివరికి 1950లో వీర్డ్ ఫాంటసీ 13వ సంచికగా తేలింది. వీర్డ్ ఫాంటసీ 13వ సంఖ్యతోనే ఎందుకు మొదలైందో ఈ ఒక్క వరస చెబుతుంది.

4. వింత రకాన్ని తూచండి

నవ్వించే వింతలు కుప్పలు. సందర్భం తీసేసిన ఒక్క ప్యానెల్‌తో (పేజీలోని ఒక్క బొమ్మ గడితో) ఏ పాత కామిక్‌నైనా ఎగతాళి చేయొచ్చు. అది ఐదు నిమిషాల సరదా. నేను వెతికేది పుస్తకం మూసేశాక కూడా వెంటపడే కథ. మర్నాడు బొమ్మలు చూడకుండా ఆ కథను ఎవరికైనా చెప్పి చూడండి. వినేవాడు ఆ తరవాత ఏమైందని అడిగితే పట్టుకోండి, నవ్వి ఊరుకుంటే వదిలేయండి.

కథ మామూలుదై చెప్పిన తీరు వింతగా ఉండేవీ ఉంటాయి, నా ఓటు వాటికే. 1955లో ఇంపాక్ట్ మొదటి సంచికలో మాస్టర్ రేస్ అనే కథ వచ్చింది. న్యూయార్క్ భూగర్భ రైలులో కూర్చున్న మాజీ నాజీ శిబిర అధికారి తనకు తెలిసిన ముఖాన్ని చూస్తాడు. ఆరు పేజీలకు రాసిన దాన్ని చిత్రకారుడు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ పట్టుబట్టి ఎనిమిదికి పెంచుకున్నాడు. ప్యానెళ్లను సన్నటి చీలికలుగా కోసి, రైలు కిటికీల కదలికను పేజీ మీదికి తెచ్చాడు. క్షణం సాగిపోతున్నట్టు ఉంటుంది. ప్యానెళ్లు లెక్కపెట్టడం, ఏ క్షణాన్ని ఎన్ని ముక్కలు చేశాడో చూడడం అలవాటు చేసుకుంటే వెనక పేజీల్లో ఇలాంటి ప్రయోగాలు చాలానే కంటబడతాయి.

యుద్ధకాలం నాటి కథల్లో జపాన్‌వారిని, చాలాచోట్ల నల్లజాతివారిని దారుణంగా గీశారు. దాన్ని చూడనట్టు దాటేయొద్దు, మీ నోట్స్‌లో రాసుకోండి. అదే కాలంలో ఎదురీదినవాళ్లను కూడా వెతకండి. 1947 జూన్‌లో ఫిలడెల్ఫియా విలేకరి ఓరిన్ ఇవాన్స్ ఆల్-నీగ్రో కామిక్స్ తెచ్చారు. రాసినవారూ గీసినవారూ అందరూ నల్లజాతివారే. అప్పట్లో మిగతావి పది సెంట్లయితే దీని వెల పదిహేను. రెండో సంచిక సిద్ధం చేసుకున్నా న్యూస్‌ప్రింట్ అమ్మేవాళ్లు దొరక్క అక్కడితో ఆగిపోయింది. 1953లో వీర్డ్ ఫాంటసీ 18వ సంచికలో వచ్చిన జడ్జ్‌మెంట్ డే కథలో చివరి ప్యానెల్‌లో హెల్మెట్ తీసిన వ్యోమగామి నల్లజాతివాడు. 1956లో దాన్ని తిరిగి అచ్చువేయబోతే కోడ్ అధికారి ఆ ముఖం మార్చమన్నాడు. సంస్థ ఒప్పుకోలేదు, ఉన్నది ఉన్నట్టే వేసింది.

5. చదివిన వెంటనే రాసుకోండి

రేపు రాసుకుందామనుకుంటే మరిచిపోతారు. ఐదొందల సంచికల తరవాత ఆ పుర్రె ముఖం కథ ఎందులోదో గుర్తుండదు. నా నోటు ఇలా ఉంటుంది:

క్రాక్ కామిక్స్ 1, 1940 మే, క్వాలిటీ సంస్థ. మేడమ్ ఫేటల్. హీరో నటుడు, ముసలమ్మ వేషం. వేషం మీద ఒక్క జోకు కూడా లేదు, అదే వింత. గీసింది ఆర్ట్ పినజియన్.

పేరు, సంఖ్య, తేదీ, పేజీలు, ఒక్క వాక్యంలో కథ, ఒక్క వాక్యంలో ఎందుకు పట్టుకుంది. ఆ చివరి వాక్యమే ముఖ్యం. తేదీ విషయంలో ఒక్క జాగ్రత్త: ముఖచిత్రం మీది నెల కన్నా రెండు మూడు నెలల ముందే పుస్తకం దుకాణాల్లోకి వచ్చేది. ఏ కథ ముందు, ఏది వెనక అని వాదించేటప్పుడు ఇది గుర్తుండాలి.

6. గీసిందెవరో ఆరా తీయండి

నా దృష్టిలో ఇదే అసలు వేట. చాలా కథల మీద పేర్లు ఉండవు, ఉన్నా మారుపేర్లు. హ్యాంక్స్ బార్‌క్లే ఫ్లాగ్, హ్యాంక్ క్రిస్టీ లాంటి పేర్లు వాడాడు. హెర్బీ రచయిత షేన్ ఓషే అనేవాడు అసలు లేడు. పత్రిక సంపాదకుడు రిచర్డ్ హ్యూస్ పెట్టుకున్న అనేక ముసుగుల్లో అదొకటి.

మొదట గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ చూడండి. 1994 నుంచి వలంటీర్లు కడుతున్న సూచిక అది. సంచికలోని ప్రతి కథకూ పేజీలు, పాత్రలు, తెలిసినంతలో రాసిన, పెన్సిల్‌తో గీసిన, ఆ గీతల మీద సిరా వేసినవారి పేర్లు ఇస్తుంది. తేలనిచోట ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ ప్రశ్నార్థకాలే మీ పని.

తరవాత బొమ్మలనే అడగండి. మొదటి పేజీ పెద్ద బొమ్మలో గడ్డి మధ్య, పెట్టె మీద, గోడ పోస్టర్ మీద సంతకం దాచేవారు. ఒక్కో చేతికి ఒక్కో అలవాటు ఉంటుంది. చెవులు గీసే తీరు, వేళ్ల ముడతలు, నీడలో అడ్డగీతలు చూడండి. ముఖాలు నమ్మదగ్గవి కావు, సంపాదకుడు మార్పించి ఉండొచ్చు. అక్షరాల తీరు సంస్థను పట్టిస్తుంది. ఈసీ కథల్లో చాలావాటి అక్షరాలు లెరాయ్ అనే పరికరంతో వేసినవి, యంత్రంలా ఒకే కొలతలో ఉంటాయి. ఇంకో చిక్కు ఉంది. ప్రచురణ సంస్థలకు కథలు తయారుచేసి ఇచ్చే ఐస్నర్-ఐగర్ లాంటి స్టూడియోల్లో ఒకే పేజీ మీద ముగ్గురు నలుగురి చెయ్యి పడేది. ఒకరు గీస్తే ఒకరు సిరా వేస్తారు, ఇంకొకరు వెనక దృశ్యం. కాబట్టి ఒక్క పేరుతో కొట్టి పారేయలేం.

మనిషి దొరికాక ఆ మనిషి కథ ఒక్కోసారి కామిక్ కథను మించిపోతుంది. మేడమ్ ఫేటల్ గీసిన పినజియన్ కామిక్స్ వదిలేసి చిత్రలేఖనంలోకి వెళ్లాడు. గీసినవి ఎవరికీ అమ్మలేదు. 1999లో ఆయన చనిపోయాక, లాంగ్ ఐలండ్‌లోని బెల్‌పోర్ట్‌లో ఆయన ఉన్న ఇంట్లో వేల బొమ్మలు బయటపడ్డాయి. హ్యాంక్స్ సంగతి చేదు. పాల్ కారాసిక్ అనే కామిక్స్ కళాకారుడు ఆయన జాడ వెతుక్కుంటూ కొడుకు దాకా వెళ్తే, తాగి ఇంట్లోవాళ్లను కొట్టిన తండ్రి కథ వినాల్సి వచ్చింది. హ్యాంక్స్ 1976లో న్యూయార్క్‌లో పార్కు బెంచీ మీద చలికి గడ్డకట్టి చనిపోయాడు. కారాసిక్ 2007లో ఆ కథలను సంకలనంగా తెచ్చాకే ఆయన పేరు నలుగురి నోళ్లలో పడింది. వియన్నా నుంచి నాజీల బారి తప్పించుకుని వచ్చి ఫిక్షన్ హౌస్ అనే ప్రచురణ సంస్థలో సెన్యోరీటా రియో కథలు గీసిన లిలీ రెనే పేరు మళ్లీ వెలుగులోకి రావడం వెనక కామిక్స్ చరిత్రకారిణి ట్రీనా రాబిన్స్ పరిశోధన ఉంది. ఆ రోజుల్లో గీసిన ఆడవాళ్ల పేర్లు తవ్వే కొద్దీ వస్తూనే ఉంటాయి.

7. నిజంగా మరుగున పడిందేనా?

సంబరపడే ముందు ఇది చూసుకోండి. ఒకసారి ఒక దయ్యం కథ దొరికిందని రెండు పేజీల వ్యాసం రాసేశాను. తీరా చూస్తే అది ఆరేళ్ల కిందటి కథకు పునర్ముద్రణ, పైగా అప్పటికే మూడు సంకలనాల్లోకి ఎక్కింది. 1950ల చివర్లో పాత కథలను పేర్లు మార్చి, కొత్త ముఖచిత్రం వేసి అమ్మిన సంస్థలున్నాయి. కోడ్‌కు తగ్గట్టు రక్తం చెరిపేసి, మాటలు మార్చి మళ్లీ వేసిన కథలూ ఉన్నాయి. డేటాబేస్‌లో కథ కింద పునర్ముద్రణల జాబితా ఉంటుంది, చూడండి. రెండు రూపాలూ దొరికితే పక్కపక్కన పెట్టుకోండి. ఏ ప్యానెల్ ఎందుకు మార్చారో చూడడమే ఒక వినోదం.

8. కాగితం కావాలనిపిస్తే

అరిగిపోయిన, ముఖచిత్రం పోయిన కాపీ కొనండి. మీకు కావాల్సింది వెనక పేజీలు, అవి చిరిగిన కాపీలోనూ అవే. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి గ్రేడు ఇచ్చిన కాపీల జోలికి పోకండి. తెరిచి చదవలేని పుస్తకంతో మనకేం పని?

అది నాసిరకం చెక్కగుజ్జు కాగితం. ఆమ్లం వల్ల పసుపెక్కి, అంచులు పెళుసుబారి విరుగుతుంది. పొడి చేతులతో పట్టుకోండి, పూర్తిగా విప్పి బల్లకు అదమకండి, చిరుగులకు టేపు అంటించకండి. ఆమ్లం లేని అట్టతో పాలిస్టర్ కవరులో, ఎండా తేమా తగలని చోట నిలబెట్టి ఉంచండి. అపురూపమైన సంచిక కొనడం మీ వల్ల కాకపోతే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ, ఒహాయో స్టేట్‌లోని బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లలో పెద్ద సేకరణలు ఉన్నాయి.

9. నలుగురితో పంచుకునేటప్పుడు

ఒక్క ప్యానెల్ కాకుండా కనీసం ఒక పూర్తి పేజీ చూపించండి. సంచిక పేరు, సంఖ్య, తేదీ రాయండి. స్కాన్ చేసి పెట్టినవారి మారుపేరు ఫైల్ చివర్లో ఉంటే దాన్నీ చెప్పండి, ఆ మనిషి గంటల కొద్దీ పని చేశాడు. కథ పబ్లిక్ డొమైన్‌లో ఉన్నా పాత్ర పేరు ఎవరి ట్రేడ్‌మార్క్ అయినా కావచ్చు. అమ్మకానికి వాడేముందు ఆ సంగతి, మీ దేశపు కాపీరైట్ నిబంధన విడిగా చూసుకోండి.

సంతకం ఒకటి దొరికి, డేటాబేస్‌లో అక్కడ ప్రశ్నార్థకమే ఉంటే, ఖాతా తెరిచి సవరణ పంపండి. ఏ పేజీ, ఏ ప్యానెల్, ఏ మూలన అని రాయండి. వలంటీరు సంపాదకుడొకరు చూసి తిరుగు ప్రశ్న వేస్తారు, జవాబివ్వండి. ఊహ మాత్రమే అయితే పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచేయండి.